నీళ్ల దరువు ఎవరిది?

పద్నాలుగో భాగం

పోయిన వారం మిమ్మల్ని తాండూరులో, మా అన్న ఇంటి గేటు ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. పాపం, అరికాళ్లు కాలే ఉంటాయి. ఈ వారం లోపలికి తీసుకుపోతాను. కానీ ఇవాళే కొత్తగా వచ్చి చేరినవాళ్లు కూడా ఉంటారు కదా, ముందు వాళ్లకు నాలుగు మాటలు చెప్పనివ్వండి.

నా పేరు చంద్రవ్వ. ఉండేది వికారాబాద్. నా చిన్నతనంలో మా మిషన్ కాంపౌండుకు అమెరికా నుంచి ఒక దొర వచ్చాడు. నీళ్లు లేని ఊళ్లు తిరిగి బావులు తవ్వించేవాడు గనక అందరూ ఆయన్ని బావి దొర అనేవారు. మా నాయిన జంగప్ప ఆయన దగ్గరే పని. దొర బిడ్డ రూత్ నాకంటే రెండేళ్లు పెద్దది. ఆ పిల్ల మా నాయిన దగ్గర గుట్టుగా డప్పు నేర్చుకుంది. తర్వాత అమెరికా వెళ్లిపోయి, పెద్దదై, ఒక బ్యాండులో డ్రమ్ములు వాయించింది. పంక్ అనే సంగీతం అక్కడ పుడుతున్న రోజుల్లో ముందు వరసలో నిలబడ్డ బ్యాండట అది. రూత్ చనిపోయి ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు ఆ బ్యాండు చరిత్రను కేథరిన్ అనే ఆమె పుస్తకంగా రాస్తోంది. అందులో కొన్ని పేజీలు మా మనవరాలు నిరోషా ఫోన్లోకి వచ్చాయి. ఆ పేజీల్లో ఒక వాక్యం ఉంది: "రూత్‌కు మొదట చేతికి కర్ర ఇచ్చింది ఇండియాలో వాళ్లింట్లో పనిచేసిన ఒక మనిషి. అతని పేరు తెలియదు."

పేరు తెలియదట. నేనింకా బతికే ఉన్నాను.

పేరు చెబుతాను రాసుకోమని నిరోషా చేత చెప్పించాను. కేథరిన్ సంతోషపడింది గానీ, ఒక్కరి మాట మీద అచ్చు వేయలేనంది. ఆ రోజులు కళ్లారా చూసిన మరొకరు కూడా చెప్పాలి, పుస్తకం సోమవారం అచ్చుకు పోతుంది అంది. చూసినవాళ్లలో నేను కాక మిగిలింది మా అన్న యోబు ఒక్కడే. అందుకే నిరోషాను వెంటబెట్టుకుని గురువారం ప్యాసింజర్ ఎక్కి తాండూరు వచ్చాను. గేటు దగ్గర మా అన్న అన్న మాటతో పోయిన వారం ఆపాను.

"అమెరికా బుక్కు ముచ్చటైతే చెప్పులు ఇడ్వకు చెల్లె. గట్లనే తిరిగి పో."

నేను చెప్పులు విడిచాను.

మా అన్నకు డెబ్బై అయిదు నిండాయి. ముప్పై ఏళ్లు ఇంగ్లిషు సారుగా చేసి రిటైరయ్యాడు. తాండూరులో వాళ్ల చర్చి సంఘానికి పెద్ద. ఆయన మాట గుడిలోనే కాదు, వీధిలో కూడా ఎవరూ దాటరు. ఒక్క మా పద్మమ్మ వదినె తప్ప. ఆమె వంటింట్లోంచి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఎండల పడొచ్చినోళ్లను గేటు కాడ ఆపి పాఠం చెప్తవా? నీ బడి ఎప్పుడో బందైంది. రా చంద్రవ్వ. పిల్లా, నువ్వు గూడ రా, మొఖం చూడు ఎట్ల ఎర్రగైందో."

వాళ్లిల్లంతా తాండూరు బండలే. బయట ఎంత మండినా లోపల కాలు పెడితే చల్లగా కాలికి అతుక్కుంటుంది నేల. వీధి చివర బండలు కోసే మిషన్ రొద ఆగకుండా వస్తూనే ఉంటుంది, దాని తెల్లటి దుమ్ము ఆకుల మీద, గోడల మీద, ఆరేసిన బట్టల మీద. వదినె జొన్నరొట్టె, కందిపప్పు పెట్టింది. నిరోషా రెండు రొట్టెలు తింది. మా అన్న కుర్చీలో కూర్చుని చదివేసిన పేపర్నే మళ్లీ చదువుతున్నాడు.

"తాతా," అంది నిరోషా, చెయ్యి కడుక్కొచ్చి. "నువ్వు సాక్ష్యం చెప్పకు. ఊకే విను. విన్నందుకు నీకేం పోతది?"

"చెవులు నావి. వినాల్నా వద్దా నాకు తెల్వదా?"

"అయితే అవ్వకు చదివి వినిపిస్త. నీకు వినబడితే నా తప్పు కాదు."

వదినె నవ్వి కింద కూర్చుంది. నిరోషా ఫోన్లోని పేజీలు ఒక్కొక్కటే తెలుగు చేసి చెప్పసాగింది.

ఆ బ్యాండు పేరు టిన్ లిడ్స్. రేకు మూతలని అర్థమట. ఒహాయో రాష్ట్రంలో ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఊళ్లో, 1974లో, మూసేసిన టైర్ల దుకాణంలో నలుగురు కలిసి మొదలుపెట్టారు. గిటార్లు పట్టింది అన్నదమ్ములిద్దరు. పాడే అమ్మాయి పొద్దున రొట్టెల బట్టీలో పనిచేసి, పిండి చేతులతోనే వచ్చేదట. డ్రమ్ముల దగ్గర రూత్. అప్పట్లో అక్కడ గొప్ప బ్యాండ్లంటే ఒక్కో పాట పావుగంట సాగదీసేవారట, వీళ్లు రెండు నిమిషాల్లో కొట్టి అవతల పారేసేవారు. రాగం రాకపోయినా సరే, చెప్పవలసింది గట్టిగా చెప్పి దిగిపోవాలి, అదే వాళ్ల పద్ధతి.

"మొదటి కచేరీకి పదకొండు మంది వచ్చిండ్రంట," అంది నిరోషా. "మూడో పాటకు నలుగురు లేచిపోయిండ్రు. ఐదో పాటకు హోటలాయన కరెంటు బంద్ చేసిండు. గిటార్లు ఆగిపోయినయ్, పాట ఆగింది. రూత్ మాత్రం ఆగలే. చీకట్ల ఒక్కతే వాయించిందంట. పోయినోళ్లు గూడ మళ్ల లోపలికి వచ్చిండ్రంట, ఏమైతుందో చూద్దామని."

"డప్పుకు కరెంటేం పని," అన్నాడు మా అన్న, పేపర్ దించకుండానే.

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

1976లో చిన్న రికార్డు వేశారు. అటొక పాట, ఇటొక పాట. అయిదు వందలు వేస్తే సగానికి పైగా ఆ అన్నదమ్ముల తల్లి ఇంట్లో, నేల కింది గదిలో మిగిలిపోయాయి. ఒక పేపరువాడు రాశాడట, ఆ డ్రమ్ముల పిల్లకు లెక్క రాదు, ప్రతి నాలుగో వరస చివర తడబడి ఆగిపోతుంది, ఎవరైనా నేర్పండి అని. మూడేళ్లకు బ్యాండు విడిపోయింది. అన్నదమ్ముల్లో చిన్నవాడు మత్తుమందులకు అలవాటుపడి చనిపోయాడు. రొట్టెల అమ్మాయి పెళ్లి చేసుకుంది. రూత్ బడిపిల్లల బస్సు నడిపింది, ముప్పై ఏళ్లు. ఆ తర్వాత ఎవరో కుర్రవాళ్లకు పాత సామాన్ల అంగడిలో ఆ రికార్డు దొరికింది. తడబాటు అన్నారే, అదే వాళ్లకు నచ్చింది. ఆగడం నేర్చుకోవడానికి ఊళ్లు దాటి రూత్ ఇంటికి వచ్చేవారట.

"జర ఆ పాట పెట్టు, మీ తాత గూడ వింటడు," అంది వదినె.

నిరోషా ఫోన్‌ను స్టీలు గ్లాసులో నిలబెట్టింది. గ్లాసులోంచి ఆ చప్పుడు వచ్చిందంటే, వాకిట్లో కోడి ఎగిరి గోడెక్కింది. గిటార్లు రేకు మీద రాళ్లు పోసినట్టున్నాయి. ఆ రొట్టెల పిల్ల గొంతు చించుకుంటోంది.

"గీ పిల్లకు ఎవల మీద అంత కోపం?" అంది వదినె.

"వాళ్లూరి నది మీద ఫ్యాక్టరీ నూనె తేలుతదంట అవ్వా. ఊరి నిండ నీళ్లున్నయ్, తాగనీకి చుక్క లేదు అని పాడుతున్నది."

"గా ముచ్చటకు కోపం రావాల్సిందే," అని వదినె ఒప్పుకుంది.

నేను వింటున్నది పాట కాదు. పాట కింద నడుస్తున్న డ్రమ్ము. కళ్లు మూసుకుంటే నాకు బంట్వారం వచ్చింది.

ఆ ముచ్చట మీకు మూడో భాగంలో కొంచెం చెప్పాను. అరవై ఆరు ఎండాకాలం. బంట్వారం దగ్గర ఒక ఊళ్లో మూడు చోట్ల తవ్వితే మూడూ ఎండు. నాలుగో బావిలో ముప్పై గజాల కింద బండ పగిలి, చల్లటి గాలి వాసన పైకి వచ్చింది. నీళ్ల వాసన తెలుసా మీకు, ఎండిన ఊరివాళ్లకే అది తెలుస్తుంది. డప్పులవాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. మా నాయిన డప్పు ముట్టి తొమ్మిదేళ్లు. బాప్తిస్మం తీసుకున్ననాడే డప్పు దించాలని అప్పటి పాస్టరు అయ్యగార్ల కట్టడి. డప్పు పట్టినవాడు జాతరలకు పోతాడు, చావులకు పోతాడు, పోయినవాడు తాగుతాడు, తాగినవాడు తిరిగి రాడు, అదీ వాళ్ల భయం. నాయిన తొమ్మిదేళ్లు ఆ మాట మీద నిలబడ్డాడు. కానీ ఆ రోజు నీళ్లు కనబడగానే పక్కవాడి మెడలోంచి డప్పు తీసుకుని తన మెడలో వేసుకున్నాడు.

ఆ దరువు అంతకుముందు ఎవరూ వినలేదు. పెళ్లిది కాదు, చావుది కాదు, చాటింపుది కాదు. మూడు వరసలు పరుగు. నాలుగో వరస చివర ఒక్క ఊపిరంత సేపు ఆగేవాడు. ఆగి, బావి వైపు తల వంచి, చెవి పెట్టేవాడు. నీళ్లు ఇంకా ఊరుతున్నాయా అని. ఊరుతున్నాయని తెలిశాక మళ్లీ పరుగు. మేం దాన్ని నీళ్ల దరువు అనుకునేవాళ్లం.

దొర జీపులో కూర్చుని ఉన్న రూత్ అది విని కిందికి దూకింది. ఆ పిల్ల తల్లి ముందటేడు జ్వరంతో పోయింది. ఆనాటి నుంచి ఆ పిల్ల అడిగినదానికి తల ఊపడమే గానీ నోరు తెరిచింది లేదు. ఆ రోజు మా నాయిన ముందుకు వచ్చి నిలబడి రెండు చేతులూ చాపింది. మరునాటి నుంచి పశువుల కొట్టం వెనక పాఠం మొదలు. మొదట పాలక్యాను రేకు మూత మీద. చెయ్యి కుదిరాక అసలు డప్పు. ఎండుగడ్డి మంట మీద డప్పును ఎట్లా కాపాలో, తోలు ఎంత వేడెక్కితే ఎంత పలుకుతుందో, బొటనవేలితో మీటి ఎట్లా చూడాలో, అన్నీ చెప్పాడు. కావలి ఉండేది నేను.

గ్లాసులోంచి నాలుగో వరస వచ్చింది. డ్రమ్ము ఆగింది, ఊపిరంత సేపు.

నేను కళ్లు తెరిచేసరికి మా అన్న తల పక్కకు వంగి ఉంది. పేపర్ మోకాలి మీద పడి ఉంది. కుర్చీ చెక్క మీద ఆయన వేళ్లు ఆగి ఉన్నాయి. డ్రమ్ము మళ్లీ అందుకోగానే వేళ్లు కూడా అందుకున్నాయి. డెబ్బై అయిదేళ్ల సంఘపెద్ద వేళ్లు.

నేను చూశానని చూశాడు. చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాడు.

"బందు చేయ్ బిడ్డా," అన్నాడు.

నిరోషా ఆపింది.

"అన్నా, గది నాయినది. నీకు తెలుసు."

"నాకు తెల్వదని అన్ననా?"

"మరి చెప్పనీకి ఏమడ్డం? ఒక్క మాట. జంగప్ప నేర్పిండు, నేను చూసిన అని. పేరు తెల్వని పనోడని రాసిండ్రన్నా నాయినను."

మా అన్న కళ్లద్దాలు తీసి బనీను అంచుతో తుడిచాడు. ఆయన కోపం వస్తే గొంతు పెంచడు. ఒక్కో మాట విడివిడిగా, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు చెబుతాడు.

"చెప్తే పేరెవలకు వస్తది చెల్లె? నాయినకా? గా పిల్లకు. మా గురువు ఫలానా అని ఇంకో పూలదండ. తండ్రికి చాడీ చెప్పింది గా పిల్ల. దొర పోయి అయ్యగారికి చెప్పిండు. డప్పు చీరి పొయ్యిల పెట్టిండ్రు. నాయినను రెండేండ్లు ప్రభు సంస్కారం నుంచి ఆపిండ్రు. గా పిల్ల ఓడెక్కి పోయి గా డప్పుతోనే పేరు తెచ్చుకున్నది. నేను బోర్డింగు నుంచి సెలవులకు వచ్చినప్పుడల్ల చూసిన. అందరు లేచి ముందటికి పోయేటోళ్లు, రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటోళ్లు. నాయిన గడప కాడ కూసుండి చెప్పులకు కాపలా ఉన్నట్టు ఉండేటోడు. రెండేండ్లు. గా పిల్ల కథల నేను సాక్షిగ నిలబడాల్నా?"

బండల మిషన్ రొద ఒక్కసారి ఆగి మళ్లీ మొదలైంది.

ఇప్పటికి పదమూడు భాగాలు రాశాను. ఈ ఒక్క మాట మీకూ చెప్పలేదు. చెప్పకుండా పక్కనుంచి నడిచిపోయాను. యాభై తొమ్మిదేళ్లుగా అట్లాగే నడుస్తున్నాను గనక అదేం కష్టం కాలేదు. ఆ బండల మీద, మా అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాక ఇంక నడవడానికి చోటు లేదు.

"చెప్పింది రూత్ కాదన్నా."

"మరెవలు?"

"నేను."

మా అన్న నన్ను చూశాడు. నమ్మలేదు. "నువ్వు కావలి ఉన్నదానివి."

"కావలి ఉన్న. నేనే చెప్పిన. జర చెప్పనియ్, నడుమ ఆపకు, ఆపితే మళ్ల నాతోని కాదు."

చెప్పాను. శుక్రవారం సాయంత్రాలు కాంపౌండులో ఆడవాళ్ల ప్రార్థన కూటం జరిగేది. ఆ రోజు అమ్మ పూడూరు పోయింది, మా పెద్దమ్మకు కాన్పని. నేనొక్కదాన్నే వెళ్లి పిల్లల వరసలో కూర్చున్నాను. పాటలయ్యాక ఒక్కొక్కరు లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ వారం దేవుడు మనకు చేసిన మేలు ఏదో ఒకటి. ఒకామె తన జ్వరం తగ్గిందంది. ఒక పిల్ల తప్పిపోయిన కోడిపెట్ట పిల్లలతో సహా తిరిగొచ్చిందంది. ప్రతిదానికీ అందరూ స్తోత్రం అంటున్నారు. నా వంతు వచ్చింది. నాకు పదకొండేళ్లు. దేవుడికి అబద్ధం చెప్పకూడదు, మేలు దాచకూడదు, అట్లా నేర్పారు. ఆ వారం నేను చూసిన అన్నిటికంటే పెద్ద మేలు ఒకటే.

లేచి నిలబడి, చేతులు జోడించి అన్నాను: "మా నాయిన డప్పు కొట్టి నేర్పిస్తుంటే రూతమ్మ నవ్వింది. వాళ్లమ్మ సచ్చిపోయినంక నవ్వుడు గదే మొదలు. దేవునికి స్తోత్రం."

అందరూ అలవాటు కొద్దీ స్తోత్రం అనేశారు. అన్నాక తెలిసింది వాళ్లకు, దేనికి అన్నారో. వెనక ఎవరో పిల్ల కిసుక్కుమంది. కూటం నడిపే బైబిలమ్మ ముఖం నాకిప్పటికీ కళ్లముందే ఉంది. ఆమె నన్నేం తిట్టలేదు. కూర్చో బిడ్డా అంది, అంతే. ఆదివారం నాటికి మాట అయ్యగారి దగ్గరికి చేరింది. ఆయన దొరను పిలిపించాడు. నెల తిరక్కుండా రూత్‌ను వాళ్ల మేనత్త దగ్గరికి అమెరికా పంపేశారు. ఎవరు చెప్పారని ఇంట్లో ఎవరూ నన్ను అడగలేదు. కాంపౌండులో అందరూ రూత్ చెప్పిందనుకున్నారు, కాదనడానికి అప్పటికి రూత్ అక్కడ లేదు. ఆ కూటంలో ఉన్న ఆడవాళ్లు ఎందుకు బయటపెట్టలేదో నాకు తెలియదు. చిన్నపిల్ల అనుకున్నారేమో. ఇప్పుడు వాళ్లలో ఎవరూ లేరు.

చెప్పడం అయ్యాక నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. మొదట వినబడింది వదినె. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వుతోంది.

"స్తోత్రం అన్నరా? అందరన్నరా?"

"అందరన్నరు వదినె."

"ఓ దేవుడా," అని ఆమె కళ్లు తుడుచుకుంది.

మా అన్న నవ్వలేదు. కోప్పడలేదు. తనలో తాను ఏదో అంటున్నాడు. వంగి వింటే తెలిసింది.

"దేవునికి చెప్పుకున్న మాట," అంటున్నాడు. "దేవునికి చెప్పుకున్న మాటరా అన్నడు. నాకు గప్పుడు అర్థం కాలే."

"ఎవలన్నా?"

"నాయిన."

"నాయిన ఎప్పుడన్నడు?"

మా అన్న వదినెను మంచినీళ్లు అడిగాడు. తాగాడు. గ్లాసును నేల మీద పెట్టి, దాని అంచు మీద వేలు ఆనించి అట్లాగే ఉంచాడు.

"నీ పెండ్లి ప్రకటన రెండుసార్లు అయింది," అన్నాడు. "మూడోది రావాలె."

మా వాళ్లలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో వధూవరుల పేర్లు చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. మూడోసారి కూడా ఎవరూ లేవకపోతేనే పెళ్లి. నా పెళ్లి డెబ్బై ఆరులో. మా ఆయన బాలస్వామి తాండూరు బోధకుడి కొడుకు. డప్పులిల్లు అని మా గురించి వాళ్లు మొదట వెనకాడారని, తర్వాత మా నాయిన పదేళ్ల నడవడి చూసి ఒప్పుకున్నారని మాత్రం నాకు తెలుసు.

"రెండో ఆదివారం అయినంక, బుధవారమో బేస్తారమో, అమెరికా నుంచి పార్సలొచ్చింది," అన్నాడు అన్న. "నేను ఇంటికాడనే ఉన్న. అండ్ల గీ రికార్డు, ఒక ఉత్తరం. నాయిన కొట్టం ఎన్కకు తీస్కపోయి చదువుమన్నడు. గా పిల్ల రాసింది, ఇంకోసారి రికార్డు వేస్తరంట, దాని మీద జంగప్ప నేర్పిన దరువు అని అచ్చు వేస్త, వేయనా అని."

నిరోషా ఫోన్ పక్కన పెట్టేసి దగ్గరికి జరిగింది.

"అంటే రూత్ అడిగింది," అన్నాను. "పేరు రాయనా అని అడిగింది."

"అడిగింది. జవాబు నేనే రాసిన. వద్దని రాసిన. మాట నాది కాదు, నాయినది. చెప్పింది చెప్పినట్టు ఇంగ్లిషు చేసిన." అన్న గొంతు మారింది. అరవై ఏళ్ల కింద కొట్టం వెనక, పాఠం చెప్పేటప్పుడు నేను విన్న గొంతే అది, మా నాయిన గొంతు. "‘నా పేరు వద్దని రాయి బిడ్డా. ఇంకొక్క ఆదివారం ఉన్నది. బోధకునింట్ల తెలిస్తే పిల్ల పెండ్లి ఆగుతది. పేరుకేమున్నది, ఎప్పుడన్న రాసుకోవచ్చు. గా పిల్లను వాయించుమను. ఆగేకాడ ఆగుమను, చాలు.’"

మా పెళ్లికి పట్నం నుంచి బాజాలు వచ్చాయి. కోటు వేసుకున్నవాళ్లు, పొడవాటి పీకలతో. ఆ రోజంతా మా నాయిన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అక్షింతలు వేయడానికి కూడా ఒక్క చెయ్యే ముందుకు వచ్చింది. వయసు మీదపడి నడుం పట్టిందేమో అనుకున్నాను నేను. నడుముకు కాపడం పెట్టమని వదినెకు చెప్పాను కూడా.

"నేను అడిగిన," అన్నాడు అన్న. "చాడీ చెప్పిన పిల్లకు గింత మర్యాదెందుకు నాయినా అని. ఆమె కాదురా అన్నడు. మరెవలంటే, గది దేవునికి చెప్పుకున్న మాటరా, అడగకు అన్నడు. నాయిన ఎవల్ని ఏమననియ్యడు కద. గా పిల్లను కాపాడుతున్నడని, నేను కోపం ఇడ్వలే." ఆయన నా వైపు తిరిగాడు. "ఆయనకు తెలుసు చెల్లె. మొదటి నుంచి తెలుసు."

తెలుసు. తెలిసీ ఆ రెండేళ్లు గడప దగ్గరినుంచి లోపలికి చూసి, వరసలో నిలబడ్డ నాకు తల ఊపేవాడు, వెళ్లు బిడ్డా అన్నట్టు. తెలిసీ నా జడలు అల్లాడు. తెలిసీ నా పెళ్లి కోసం తన పేరు తీసి పక్కన పెట్టాడు.

ఎవరూ నన్ను ఓదార్చలేదు. అదే మంచిదైంది. వదినె వచ్చి పక్కన కూర్చుని నా మోకాలి మీద చెయ్యి వేసింది, రొట్టెల పిండి ఇంకా వేళ్లకు అంటే ఉంది.

కాసేపయ్యాక నిరోషా ఫోన్ కుయ్యిమంది.

"కేథరిన్," అంది. "తాత ఏమన్నడని అడుగుతున్నది."

"సాక్ష్యం చెప్తనని రాయి," అన్నాడు అన్న. "నాకు గా పిల్ల మీద కోపం పోయింది. గప్పుడే పోవాల్సింది యాభై ఏండ్లకు పోయింది. కని చెల్లె, నాయిన వద్దన్న మాట ఉన్నది. నీ కోసం అన్నడు. ముడి నీ కోసం పడ్డది, నువ్వే విప్పాలె. పేరు చెప్పుమంటే ఇప్పుడే చెప్త."

నాకు ఒక్క క్షణం పట్టింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను ఆలోచించింది కూడా ఏం లేదు. మాట దానంతట అదే వచ్చింది.

"ఇప్పుడు వద్దు. ఆదివారం అయినంక చెప్తమని రాయి బిడ్డా."

"అమ్మమ్మా, సోమవారం అచ్చుకు పోతది."

"సోమవారం లోపల ఆదివారం ఉన్నది కద." అన్న వైపు తిరిగాను. "అన్నా, నాయిన పేరు అమెరికాల తర్వాత చదువుదురు. ముందుగాల గుడిల చదవాలె. అందరు విన్నంక, అభ్యంతరం ఉన్నోళ్లు లేసి చెప్పినంక పోవాలె. నేను సాక్ష్యం చెప్త. పదకొండేండ్లప్పుడు చెప్పినదే. ఎవలు చెప్పబట్టి నాయిన గడప కాడ కూసున్నడో గది గూడ చెప్త."

"మా సంఘంలనా?"

"మా మామ బోధించిన సంఘమే గద. నా ప్రకటన చదివిన గుడే గద."

మా అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "డప్పు మాట గుడిల ఎత్తితే ఏమైతదో ఎరుకేనా నీకు? నలభై ఏండ్ల పెద్దరికం. పోయినేడు యూత్ పిల్లలు క్రిస్మస్‌కు డప్పు తెస్తమంటే నేనే వద్దన్న. నేనే, చెల్లె. మినిట్స్‌ల నా సంతకం ఉన్నది."

"మన ధారూరు క్రీస్తు జాతరల కొడ్తలేరా పిల్లలు?"

"జాతర వేరు, గుడి వేరు."

"ఏమయ్యా," అంది వదినె, నిమ్మళంగా. "యాభై ఏండ్ల సంది నా పక్కన పండుకొని నిద్రల మంచం కోళ్ల మీద వాయిస్తవు. నేనెన్నడన్న మినిట్స్‌ల రాసిన్నా?"

నిరోషా నోరు మూసుకుని అటు తిరిగింది. మా అన్న వదినె వైపు చాలాసేపు చూశాడు. అటువంటి చూపు నేను ఆయన ముఖంలో చిన్నప్పుడు ఎప్పుడో చూశాను, బావిలోకి మొదటిసారి దిగమన్నప్పుడు.

లేచాడు. గోడ అలమారలోంచి ఫోన్ తీసుకున్నాడు. వాళ్ల అయ్యగారు నవీన్ అని కుర్రవాడు, వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. నంబరు వెతికి నొక్కి, చెవి సరిగా వినబడదు గనక స్పీకర్ పెట్టాడు. నిలబడే మాట్లాడాడు.

"వందనాలు అయ్యగారు. నేను యోబును. ఆదివారం ఆరాధనల మా చెల్లె సాక్ష్యం చెప్తది. వికారాబాద్ నుంచి వచ్చింది. టైం రాసుకోండ్రి."

"తప్పకుండా సారు, చాలా సంతోషం," అన్నాడు అయ్యగారు. పేపరు తీస్తున్న చప్పుడు వినబడింది. "దేని గురించని రాసుకోను?"

మా అన్న నన్ను చూశాడు. నేను తల ఊపాను.

"మా నాయిన జంగప్ప గురించి," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆయన డప్పు గురించి. దాని మీద నాకూ చెప్పేటిదున్నది."

అవతల పేపరు చప్పుడు ఆగింది. ఫోన్ కట్టయిందేమోనని నిరోషా లేచి చూసింది. కట్ కాలేదు.

"సారు," అన్నాడు అయ్యగారు చివరికి, గొంతు బాగా తగ్గించి. "ఆదివారం దాకా ఆగొద్దు. నేను ఇప్పుడే మీ ఇంటికి వస్తున్న. మీరు ఎవ్వరికీ ఇంకా చెప్పకండ్రి."